ఎస్-బ్యాండ్ ఫ్లైట్ బోర్డులు: అసెంబ్లీ అయ్యాక నాయిస్ ఫిగర్ పెరుగుతోంది, 28 వోల్టుల లైన్ లీక్ అవుతోంది. దెబ్బ ఎక్కడ తగులుతోంది?

హెబ్బాళ_ఎస్‌బ్యాండ్

నమస్కారమండి. బెంగళూరులో చిన్న ఉపగ్రహాలకు రేడియో బోర్డులు చేస్తాం. డిజైన్, టెస్టింగ్ మా ల్యాబ్‌లోనే. కాంపొనెంట్లు ఎక్కించడం మాత్రం బయట ఒక అసెంబ్లీ యూనిట్‌కి ఇస్తాం. ఫ్లైట్ బోర్డులు ఎక్కడో దెబ్బతింటున్నాయి, ఏ దశలోనో తేలడం లేదు.

రిసీవర్ 2025–2110 మెగాహెర్ట్జ్. యాంటెనా కనెక్టర్ తర్వాత ఒక సిరీస్ కెపాసిటర్, ఆ వెంటనే గాలియం ఆర్సెనైడ్ పీహెమ్ట్ ట్రాన్సిస్టర్‌తో చేసిన ఎల్‌ఎన్‌ఏ (బలహీన సిగ్నల్‌ని తక్కువ నాయిస్‌తో పెంచే యాంప్లిఫైయర్). డేటాషీట్‌లో హెచ్‌బీఎం (మనిషి చేతి నుంచి తగిలే స్టాటిక్ దెబ్బని అనుకరించే టెస్టు) క్లాస్ 1ఏ అని ఉంది, అంటే 250 వోల్టులకు పాసై 500కి పాసవలేదు. ట్రాన్స్‌మిటర్ వేరే బోర్డు: 2200–2290 మెగాహెర్ట్జ్, 28 వోల్టుల గాలియం నైట్రైడ్ పీఏ (పవర్ యాంప్లిఫైయర్), 5 వాట్లు. బోర్డు మెటీరియల్ ఆర్ఓ4350బి (రేడియో ఫ్రీక్వెన్సీ, అంటే ఆర్ఎఫ్ లామినేట్), ఫినిష్ ఎనిగ్ (నికెల్ మీద పలచని బంగారం పూత).

మొదటి సమస్య: ఆరు రిసీవర్ బోర్డుల్లో రెండింటికి నాయిస్ ఫిగర్ (రిసీవర్ తనంతట తాను కలిపే నాయిస్ కొలత) 1.1 డీబీ రావాల్సింది 1.9 వస్తోంది. గెయిన్ అర డీబీ కూడా తగ్గలేదు. ఎల్‌ఎన్‌ఏ కరెంటు 58 మిల్లీఆంపియర్లు ఉండాల్సింది 66 ఉంది.

రెండోది: ఒక పీఏ బోర్డులో, పీఏ ఆఫ్‌లో ఉన్నా 28 వోల్టుల లైన్ 40 మిల్లీఆంపియర్లు లాగుతోంది. బోర్డు కాస్త వేడెక్కితే తగ్గుతుంది, చల్లారితే మళ్ళీ వస్తుంది.

మ్యాట్, రిస్ట్ స్ట్రాప్, షీల్డింగ్ బ్యాగులు అన్నీ వాడుతున్నాం. అసెంబ్లీ వాళ్ళు కూడా వాడుతున్నామనే అంటున్నారు. థర్మోవాక్ టెస్టుకు (శూన్యంలో వేడి, చలి మార్చి చేసేది) ముందే ఇది తేలాలి. ఏ క్రమంలో వెతకమంటారు?

మైక్రోస్ట్రిప్_మావయ్య

మొదటి సమస్యకి మీరిచ్చిన మూడు అంకెల్లోనే జవాబుంది. గెయిన్ కదల్లేదు, కరెంటు పెరిగింది, నాయిస్ ఫిగర్ చెడింది. గేటుకి చిన్న దెబ్బ తగిలి లీకేజీ మొదలైన ఎల్‌ఎన్‌ఏ ఇలాగే ప్రవర్తిస్తుంది. మ్యాచింగ్ ఇండక్టర్ తప్పు పడినా, సోల్డర్ సరిగ్గా అంటకపోయినా ముందు ఎస్11 (ఇన్‌పుట్ నుంచి వెనక్కి తిరిగే సిగ్నల్ కొలత) పాడవుతుంది, గెయిన్ పడుతుంది, డీసీ కరెంటు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ముందు ఈఎస్‌డీనే (స్టాటిక్ విద్యుత్ దెబ్బనే) అనుమానించండి.

అయితే అసెంబ్లీ యూనిట్ మీద పడేముందు మీ టెస్ట్ బెంచ్ చూసుకోండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రిసీవర్ ముందు భాగాన్ని ఎక్కువగా చంపేది సోల్డరింగ్ స్టేషన్ కాదు, రెండు వైపులా ఖాళీగా వేలాడే కోయాక్స్ కేబుల్.

లెక్క చూడండి. 50 ఓమ్‌ల టెఫ్లాన్ కేబుల్‌కి మీటరుకి సుమారు 95 పీకోఫారాడ్లు. దాన్ని బల్ల మీద లాగినా, పాలిథీన్ కవర్లోంచి తీసినా సెంటర్ కండక్టర్‌కి, బయటి అల్లికకి మధ్య చార్జ్ నిలవచ్చు. దాన్ని విడిచే దారి లేదు, టెఫ్లాన్ అంత మంచి ఇన్సులేటర్. హెచ్‌బీఎం టెస్టులో కూడా 100 పీకోఫారాడ్లే, కానీ అక్కడ 1,500 ఓమ్‌ల గుండా పోతుంది. 300 వోల్టులకు 0.2 ఆంపియర్లు. మీటరు కేబుల్‌లో అవే 300 వోల్టులుంటే మధ్యలో 50 ఓమ్‌లే. చిప్ లోపలి నిరోధం తక్కువైతే కరెంటు 6 ఆంపియర్ల దాకా పోతుంది, సుమారు 10 నానోసెకన్ల పాటు. ముప్ఫై రెట్లు! డేటాషీట్‌లో 250 వోల్టులని రాసిన భాగం 250 వోల్టుల కేబుల్‌ని తట్టుకుంటుందని ఎవరూ చెప్పలేదు. మీ సిరీస్ కెపాసిటర్ డీసీని ఆపుతుంది, ఇంత వేగమైన పల్స్‌ని దాటనిస్తుంది. ఈ దెబ్బకి మనిషి చేతికున్న స్ట్రాప్‌తో సంబంధమే లేదు, అందుకే "అన్నీ వాడుతున్నాం" అన్నా జరుగుతుంది.

కాబట్టి రోజూ పాటించాల్సిన పద్ధతి: బోర్డు పవర్ ఆఫ్‌లో ఉంచాలి. కేబుల్ ఒక చివర ఇన్‌స్ట్రుమెంట్‌కి ముందు బిగించాలి. రెండో చివర ఒక షార్ట్ క్యాప్ లేదా 50 ఓమ్‌ల టెర్మినేషన్ తిప్పి, తీసి, వెంటనే కేబుల్ నట్‌ని బోర్డు చాసిస్‌కి తాకించి, అప్పుడు కనెక్టర్‌కి బిగించాలి. తీసేటప్పుడు బోర్డు వైపు ముందు విప్పాలి. పని లేని ప్రతి కేబుల్ చివరా టెర్మినేషన్ ఉండాలి, ప్లాస్టిక్ టోపీ కాదు. బోర్డు కనెక్టర్‌కి కూడా అంతే: ఎర్ర ప్లాస్టిక్ టోపీ దుమ్ముని ఆపుతుంది, చార్జ్‌ని ఆపదు. మెటల్ షార్టింగ్ క్యాప్ వేయండి.

తర్వాత క్యాప్టన్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) టేపు. మాస్కింగ్‌కి వేసి చర్రున పీకితే వేల వోల్టులు పుడతాయి. పీకాల్సి వస్తే అయనైజర్ (చార్జ్‌ని చెరిపే అయాన్లు ఊదే పరికరం) గాలి తగిలేలా పెట్టుకుని, నెమ్మదిగా, బోర్డు మీదికి మడిచి లాగండి. ఎల్‌ఎన్‌ఏ ఎక్కిన తర్వాత దాని దగ్గర అసలు టేపు వేయకుండా ప్లాన్ చేసుకోవడం ఇంకా మేలు. అయనైజర్ ఆన్‌లో ఉంటే చాలదు, ప్లేట్ మానిటర్‌తో ఆఫ్‌సెట్ కొలవాలి. ఈఎస్‌డీ ప్రమాణం ఎస్20.20 ప్రకారం ±35 వోల్టుల లోపు ఉండాలి. సూదులకు ధూళి పడితే అది ఒకవైపు చార్జ్ చిమ్మడం మొదలుపెడుతుంది. అప్పుడు అయనైజర్ లేకపోవడమే నయం.

మ్యాట్, స్ట్రాప్ సంగతి త్వరగా చెప్తాను, ఇవి మీకు తెలిసినవే. స్ట్రాప్ తీగలో 1 మెగా ఓమ్ ఉంటుంది, చర్మంతో కలిపి మొత్తం 35 మెగా ఓమ్‌ల లోపు చూపించాలి. మ్యాట్ నుంచి గ్రౌండ్‌కి 10⁹ ఓమ్‌ల లోపు ఉండాలి. ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో మ్యాట్ కొంటే కొనండి గానీ సర్టిఫికెట్ కాగితాన్ని కాదు, మీటర్‌ని నమ్మండి. మామూలు ఫ్లోర్ క్లీనర్‌తో తుడిస్తే మైనంలాంటి పొర పేరుకుని మంచి మ్యాట్ కూడా ఇన్సులేటర్ అయిపోతుంది. ఐరన్ టిప్ నుంచి ఎర్త్‌కి 2 ఓమ్‌ల లోపు, టిప్ మీద వోల్టేజ్ 2 మిల్లీవోల్టుల లోపు ఉంటే నేను ఒప్పుకుంటాను. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు కూడా ఇది ఒకసారి కొలవండి. జనరేటర్ న్యూట్రల్‌ని సరిగ్గా ఎర్త్ చేయని బిల్డింగులు ఇండస్ట్రియల్ ఏరియాల్లో తక్కువేం కాదు.

అసలు మీకు కావలసింది దొంగని పట్టే పద్ధతి. బోర్డు చేతులు మారిన ప్రతిచోటా ఒకే ఒక్క కొలత చాలు: ఎల్‌ఎన్‌ఏ కరెంటు, 0.1 మిల్లీఆంపియర్ వరకు, అదే సప్లై, అదే ఉష్ణోగ్రత. దీనికి ఆర్ఎఫ్ కేబుల్ తగిలించనక్కర్లేదు, కాబట్టి కొలతే హాని చేయదు. అసెంబ్లీ నుంచి రాగానే, క్లీనింగ్ తర్వాత, షీల్డ్ క్యాన్ వేశాక, మొదటి ఆర్ఎఫ్ టెస్టుకి ముందు, తర్వాత. ఏ రెండు వరుసల మధ్య అంకె గెంతిందో అక్కడే దెబ్బ. ఈ రెండు బోర్డులూ అసెంబ్లీ నుంచి వచ్చిన రోజు కరెంటు ఎంత ఉందో రాసుకున్నారా?

కోరమంగళ_కార్బన్

పైన చెప్పినదంతా సరేగానీ, తేమ సంగతి మరిచారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బెంగళూరు మధ్యాహ్నాలు బాగా పొడిగా ఉంటాయి, ల్యాబ్‌లో ఏసీ వేస్తే మీటరు 25 శాతం చూపించడం మామూలే. హ్యూమిడిఫైయర్ పెట్టి 50 శాతంలో ఉంచితే సగం గొడవ తీరిపోతుంది కదా?

అంబత్తూర్_రీఫ్లో

తీరదండి. పాత హ్యాండ్‌బుక్కుల్లో అందరూ చూపించే పట్టికనే తీసుకోండి: కార్పెట్ మీద నడిస్తే 10–20 శాతం తేమలో 35,000 వోల్టులు, 65–90 శాతం తేమలో 1,500. తగ్గింది నిజమే, కానీ మీ ఎల్‌ఎన్‌ఏకి ఖాయమైంది 250 మాత్రమే. తేమతోనే కాపాడుకోగలిగితే చెన్నైలో మాకు ఈఎస్‌డీ నష్టమే ఉండకూడదు, ఉంటోంది. 40–60 శాతంలో ఉంచండి, మంచిదే. దాన్ని అదనపు సాయంగా చూడండి, రక్షణగా కాదు. పింక్ పాలిథీన్ కవర్లు కూడా గాలిలో తేమ ఉంటేనే పనిచేస్తాయి, పైగా అవి షీల్డ్ చేయవు. ఎండాకాలంలో పింక్ కవర్లో పెట్టి బోర్డు పంపించారంటే మామూలు కవర్లో పంపినట్టే లెక్క.

ఇక మీ రెండో సమస్య. 28 వోల్టుల లైన్, 40 మిల్లీఆంపియర్లు, వేడికి మారుతోంది: బైపాస్ కెపాసిటర్ పగిలింది. సిరామిక్ ఎంఎల్‌సీసీ (పొరల కెపాసిటర్) వంగితే టెర్మినేషన్ అంచు కింద నుంచి సుమారు 45 డిగ్రీల వాలులో పగులు లోపలికి పోతుంది, పైనుంచి మైక్రోస్కోపులో ఏమీ కనిపించదు. పగులు రెండు వేర్వేరు ఎలక్ట్రోడ్లను దాటితే లీకేజీ మొదలవుతుంది. ఫ్యాక్టరీలో టెస్ట్ పాసవుతుంది, తేమ చేరాకో థర్మల్ సైకిల్ అయ్యాకో బయటపడుతుంది. వేడికి పగులు కదిలి కాంటాక్ట్ పోవచ్చు, లోపలి తేమ ఆరిపోవచ్చు, అందుకే మీకు దాగుడుమూతలాడుతోంది.

ఏ కెపాసిటరో తేల్చాలంటే: పీఏ డ్రెయిన్ ఫీడ్ ఇండక్టర్ విప్పి పీఏని వేరు చేయండి. కరెంట్ లిమిట్ 50 మిల్లీఆంపియర్లకు పెట్టి, లైన్‌కి 28 వోల్టులిచ్చి థర్మల్ కెమెరాతో చూడండి. 40 మిల్లీఆంపియర్లు అంటే 1.1 వాట్, చిన్న కెపాసిటర్ మీద అది దీపంలా కనిపిస్తుంది.

వంగడం ఎక్కడ జరిగింది? చూడాల్సినవి రెండే చోట్లు. ప్యానెల్ నుంచి బోర్డు విడదీసేటప్పుడు చేత్తో వి-గాటు దగ్గర విరిచారా అని అడగండి. రౌటర్‌తో కోయాలి. 1206, అంతకంటే పెద్ద సైజు కెపాసిటర్లు కోత అంచుకి 5 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదు, ఉంటే పొడవు వైపు కోతకి సమాంతరంగా పెట్టాలి. రెండోది మీ చేతిలోదే: బోర్డుని అల్యూమినియం పెట్టెలో స్క్రూలతో బిగించడం. స్టాండాఫ్‌లలో ఒకటి పావు మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా స్క్రూ బిగించగానే బోర్డు అక్కడికి వంగుతుంది. బిగించకుండా బోర్డు పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. దూరితే షిమ్ (పలచని రేకు) వేయండి. స్క్రూలు ఎదురెదురు క్రమంలో ముందు సగం టార్క్‌కి, తర్వాత పూర్తి టార్క్‌కి.

తర్వాతి డిజైన్‌లో 28 వోల్టుల మీద కెపాసిటర్లు రెండేసి సిరీస్‌లో, ఒకదానికొకటి 90 డిగ్రీల్లో తిప్పి పెట్టండి, ఫ్లెక్సిబుల్ టెర్మినేషన్ రకం కొనండి. ఒకటి షార్ట్ అయినా లైన్ బతుకుతుంది. చేత్తో మార్చేటప్పుడు చల్లటి సిరామిక్‌ని 350 డిగ్రీల టిప్‌తో ముట్టుకోవద్దు. బోర్డుని కింద నుంచి 100–120 డిగ్రీలకు వేడిచేసి, టిప్‌ని ప్యాడ్‌కి తాకించండి, కెపాసిటర్ ఒంటికి కాదు.

అసెంబ్లీ యూనిట్‌కి రాసిచ్చే డ్రాయింగ్‌లో మీరేమేం రాస్తున్నారో తెలీదు. రాయకపోతే వాళ్ళు మొబైల్ చార్జర్‌కి చేసినట్టే మీ బోర్డూ చేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు. ఇవి మాత్రం రాయాల్సిందే.

సోల్డర్: 63/37 తగరం-సీసం, కరిగేది 183 డిగ్రీల దగ్గర, రీఫ్లో పీక్ 210–220. లైన్ ఎస్ఏసీ305 (సీసం లేని సోల్డర్) మీద నడుస్తుంటే ఓవెన్ ప్రొఫైల్ మార్చమనాలి, ప్రొఫైల్ థర్మోకపుల్‌తో తీసిన గ్రాఫ్ అడగాలి. బీజీఏ (అడుగున సోల్డర్ బంతులుండే చిప్) బంతులు ఎస్ఏసీవైతే మాత్రం గొడవ. పీక్ 217 దాటి కాసేపు నిలవకపోతే బంతి పూర్తిగా కరగదు, సగం కలిసిన జాయింటు వస్తుంది. అలాంటి భాగాన్ని ముందే తగరం-సీసం బంతులతో రీబాల్ చేయించుకోవడం మేలు.

స్వచ్ఛమైన తగరం పూత ఉన్న లీడ్లు, షీల్డ్ క్యాన్లు, స్క్రూలు వద్దు. కనీసం 3 శాతం సీసం ఉండాలి, ఎక్స్ఆర్ఎఫ్ (ఎక్స్-రేతో లోహాల్ని గుర్తించే) పరీక్షతో చూపించమనండి. 1998 మే నెలలో గెలాక్సీ-4 ఉపగ్రహం ఆగిపోయి అమెరికాలో పేజర్లు మూగబోయింది తగరం మీసాల (తగరం పూత మీద మొలిచి షార్ట్ చేసే సన్నని తీగల) వల్లేనని తేల్చారు. షీల్డ్ క్యాన్‌ని చాలామంది మరిచిపోతారు. ఎల్‌ఎన్‌ఏకి 2 మిల్లీమీటర్ల పైన తగరం కప్పు పెట్టి, లీడ్లకు మాత్రం సర్టిఫికెట్ అడిగితే ఏం లాభం?

పీఏ క్యూఎఫ్ఎన్ (కాళ్ళు లేని చదును ప్యాకేజీ) కింద గ్రౌండ్ ప్యాడ్: పేస్టు ఒకే పెద్ద కిటికీగా కాక చిన్న గళ్ళుగా, మొత్తం 60–70 శాతం కప్పేలా. ప్యాడ్‌లోని వయాలు (పొరల్ని కలిపే రంధ్రాలు) నింపి మూతపెట్టినవి కావాలి, లేదంటే పేస్టంతా కిందికి దిగిపోతుంది. ఈ ప్యాడ్ కింద వాయిడ్ (సోల్డర్‌లో ఖాళీ) ఇంత దాటకూడదని అసెంబ్లీ నాణ్యత ప్రమాణం ఐపీసీ-ఏ-610 తనంతట తాను అంకె పెట్టదు, కొనేవాడూ చేసేవాడూ మాట్లాడుకోవాలంటుంది. కాబట్టి డ్రాయింగ్ మీద మీరే రాయండి: మొత్తం 25 శాతం మించకూడదు, ఒక్కొక్కటి 10 శాతం మించకూడదు, ప్రతి బోర్డుకీ ఎక్స్-రే ఫోటో కావాలి. నేలమీద ఫ్యాన్ గాలిలో పాసైన వాయిడ్, శూన్యంలో గాలి లేనప్పుడు పీఏని కాలుస్తుంది. ఆర్ఎఫ్‌కి ఇంకో చిక్కు: గ్రౌండ్ ఇండక్టెన్స్ పెరిగి పీఏ ఆసిలేట్ కావచ్చు.

తేమ: ఎంఎస్ఎల్ (తేమ సున్నితత్వ స్థాయి) 3 భాగానికి సీల్ తెరిచాక 168 గంటలంటే అది 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటని గదికి. మా దగ్గర ఏసీ లేని గదిలో ఆ లెక్క చెల్లదు, మీ దగ్గర జూలైలో కూడా చెల్లదు. తెరిచిన రీల్‌ని 5 శాతం లోపు డ్రై క్యాబినెట్‌లో పెట్టాలి. బేర్ బోర్డులు ఎక్కించేముందు 105–120 డిగ్రీల్లో 4 నుంచి 6 గంటలు బేక్ చేయాలి. టేపు రీల్‌ని 125 డిగ్రీల ఓవెన్‌లో పెట్టకండి, రీల్ కరుగుతుంది. రీల్‌కి 40 డిగ్రీలే, దానికి రోజులు పడుతుంది.

క్లీనింగ్: అల్ట్రాసోనిక్ బాత్ పూర్తిగా నిషేధం అని పెద్ద అక్షరాల్లో రాయండి. టీసీఎక్స్ఓ (ఫ్రీక్వెన్సీ ఇచ్చే ఆసిలేటర్) లోపలి క్రిస్టల్, కుహరం ఉన్న ప్యాకేజీల్లో బాండ్ వైర్లు ఆ కంపనానికి తెగిపోవచ్చు, తెగకపోతే అలసిపోయి రాకెట్ కంపనంలో తెగుతాయి. షీల్డ్ క్యాన్ వేయకముందే కడగాలి, వేశాక లోపలి ఫ్లక్స్ బయటికి రాదు.

హెబ్బాళ_ఎస్‌బ్యాండ్

ఇద్దరికీ ధన్యవాదాలండి. వచ్చిన రోజు కరెంటు రాసుకోలేదు. కానీ ఆ ఆరూ కాక ఇంకా ఆర్ఎఫ్ కేబుల్ తగలని బోర్డులు రెండు బ్యాగుల్లో ఉంటే వాటి కరెంటు కొలిచాం. 57.6, 58.3. అవి కూడా అదే అసెంబ్లీ బ్యాచ్. నాయిస్ ఫిగర్ బెంచ్ దగ్గర కేబుళ్ళు హుక్‌కి వేలాడుతున్నాయి, చివర్లకు ప్లాస్టిక్ టోపీలే. స్టాటిక్ వోల్ట్‌మీటర్‌తో చూస్తే ఒకదాని సెంటర్ పిన్ మీద 400 వోల్టుల పైనే చూపించింది. ఈరోజే షార్ట్ క్యాపులు తెప్పించాం.

థర్మల్ కెమెరాలో 1210 కెపాసిటర్ ఒకటి వెలిగింది. అది మౌంటింగ్ స్క్రూకి పక్కనే ఉంది, ఫీలర్ గేజ్ 0.2 మిల్లీమీటర్లు దూరింది.

మూడు ప్రశ్నలు. పాడైన ఎల్‌ఎన్‌ఏని మార్చి ఆ బోర్డుని ఫ్లైట్‌కి వాడొచ్చా? పీఏ టెస్టింగ్‌లో, థర్మోవాక్‌లో ఇంకేం చూసుకోవాలి? ఎల్‌ఎన్‌ఏ ఇన్‌పుట్‌ని డిజైన్‌లోనే కాపాడే మార్గం ఉందా?

మైక్రోస్ట్రిప్_మావయ్య

చివరి ప్రశ్నకి ముందు జవాబు. కనెక్టర్‌కి, సిరీస్ కెపాసిటర్‌కి మధ్య క్వార్టర్-వేవ్ షార్టెడ్ స్టబ్ (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవుండి చివర గ్రౌండ్ అయిన ట్రాక్) పెట్టండి. ఆర్ఓ4350బి మీద 2,070 మెగాహెర్ట్జ్‌కి మైక్రోస్ట్రిప్ పొడవు 21–22 మిల్లీమీటర్లు. మీ బ్యాండ్‌లో అది కనిపించదు, డీసీకి నేరుగా గ్రౌండ్. కేబుల్ చార్జ్‌లోని తక్కువ ఫ్రీక్వెన్సీ శక్తి చాలావరకు అటే పోతుంది, కక్ష్యలో యాంటెనా మీద పేరుకునే చార్జ్‌కి కూడా దారి దొరుకుతుంది. చోటు లేకపోతే షంట్ ఇండక్టర్ మ్యాచింగ్‌లో కలుపుకోండి. అదీ కుదరకపోతే కనీసం 100 కిలో ఓమ్‌ల బ్లీడ్ రెసిస్టర్. అది వచ్చే పల్స్‌ని ఆపదు, కానీ పోర్టు మీద చార్జ్ నిలవనివ్వదు. ఈఎస్‌డీ డయోడ్ పెట్టమని ఎవరైనా అంటే దాని కెపాసిటెన్స్, నాన్-లీనియారిటీ చూసుకున్నాకే. పక్క బోర్డులోనే 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని రిసీవర్ ముందు డయోడ్ పెట్టడం నాకైతే నచ్చదు.

మార్చిన బోర్డుని ఫ్లైట్‌కి వాడటం గురించి: ఎల్‌ఎన్‌ఏ మార్చొచ్చు, ఒక్కసారి మాత్రమే. ప్యాడ్లు రెండోసారి వేడికి లేస్తాయి. కింద ప్రీహీట్, పైన హాట్ ఎయిర్, పక్కనున్న సా (ఉపరితల ధ్వని తరంగాల) ఫిల్టర్‌కి వేడి కవచం. లిథియం టాంటలేట్ సా ఫిల్టర్ పైరోఎలెక్ట్రిక్, ఉష్ణోగ్రత గబగబా మారితే దానంతట అదే చార్జ్ పుట్టిస్తుంది, కాబట్టి నెమ్మదిగా వేడెక్కించి నెమ్మదిగా చల్లార్చండి. కానీ అసలు ప్రశ్న వేరు. 400 వోల్టుల కేబుల్ తగిలిన ఆ నాలుగు "మంచి" బోర్డుల మాటేమిటి? అంకెలు బాగున్నాయని దెబ్బ తగల్లేదని కాదు. నేనైతే కేబుల్ తగలని రెండింటినే ఫ్లైట్‌కి, స్పేర్‌కి పెట్టుకుని, మిగతావి ఇంజినీరింగ్ మోడల్స్‌గా వాడతాను. డబ్బు సంగతి మీ మేనేజర్ చూసుకుంటారు.

బొమ్మసంద్ర_బయాస్

పీఏ వైపు నేను చెప్తాను.

డిప్లీషన్ మోడ్ గ్యాన్ (గాలియం నైట్రైడ్, గేటుకి నెగెటివ్ వోల్టేజ్ లేకపోతే ఆన్‌లోనే ఉండే రకం) కదా, గేటుకి నెగెటివ్ వోల్టేజ్ ముందు, డ్రెయిన్‌కి 28 వోల్టులు తర్వాత. ఆపేటప్పుడు ఆర్ఎఫ్ ముందు, డ్రెయిన్ తర్వాత, గేటు ఆఖర్న. బోర్డులో సీక్వెన్సర్ ఉన్నా బెంచ్ మీద రెండు వేర్వేరు సప్లైలతో టెస్ట్ చేసేటప్పుడు దాన్ని దాటేస్తుంటారు, చావు అక్కడే. డ్రెయిన్ సప్లై కరెంట్ లిమిట్ క్వియెసెంట్ (ఆర్ఎఫ్ లేనప్పటి) విలువకి కాస్త పైన పెట్టి మొదలుపెట్టండి. కరెంటు పోతే గేటు సప్లై ముందు పడిపోయే వైరింగ్ ఉందేమో చూడండి, రెండు సప్లైలూ ఒకే యూపీఎస్ మీద ఉంచండి.

5 వాట్లంటే 37 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్). స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఇన్‌పుట్ మామూలుగా 30 డీబీఎంకి మించి భరించదు. మధ్యలో 40 డీబీ అటెన్యుయేటర్, మొదటి దానికి కనీసం 10 వాట్ల రేటింగ్. కేబుల్ తీసేముందు ఆర్ఎఫ్ ఆపాలి. ఇన్‌పుట్‌కి 20 డీబీఎం తట్టుకునే ఎల్‌ఎన్‌ఏ బల్ల మీద పక్కనే ఉంటే, 37 డీబీఎం దానికి యాభై రెట్లు ఎక్కువ. టీఎక్స్, ఆర్ఎక్స్ కేబుళ్ళు ఒకే పోలికతో ఉండనివ్వకండి, కుదిరితే ఒకదానికి ఎస్ఎంఏ, ఇంకోదానికి టీఎన్‌సీ పెట్టి తారుమారు కాకుండా చేయండి.

ఎస్ఎంఏ జాయింట్లు: సెంటర్ పిన్‌కి బంగారం పూత సుమారు 1.27 మైక్రాన్లు ఉంటుంది. అలాగే సోల్డర్ చేస్తే జాయింటులో బంగారం 3 శాతం దాటే చోట పెళుసుగా మారి కంపనానికి విరుగుతుంది. 250 డిగ్రీల తగరం-సీసం పాట్‌లో రెండు మూడు సెకన్లు ముంచి, విక్‌తో తుడిచి, వేరే పాట్‌లో మళ్ళీ ముంచాలి. మొదటి పాట్‌లో బంగారం పేరుకుంటుంది, కాబట్టి రెండూ ఒకటే కాకూడదు. మీ ఎనిగ్ ప్యాడ్ల మీది బంగారం చాలా పలచన, దానికి ఈ గొడవ లేదు. సెమీ-రిజిడ్ కేబుల్ వాడితే, వంచాక నాలుగైదు థర్మల్ సైకిళ్ళు వేసి, బయటికి పొడుచుకొచ్చిన టెఫ్లాన్‌ని కోసి, ఆ తర్వాతే కనెక్టర్ సోల్డర్ చేయాలి. లేకపోతే ఆ టెఫ్లాన్ కక్ష్యలో సెంటర్ పిన్‌ని నెడుతుంది.

థర్మోవాక్: పంపింగ్ మొదలయ్యాక కొన్ని మిల్లీబార్ల ఒత్తిడి దగ్గర గాలి చాలా తేలిగ్గా విడిపోతుంది, అక్కడ ఆర్ఎఫ్ ఆన్ చేస్తే కరోనా (విద్యుత్ డిశ్చార్జ్) వచ్చి కనెక్టర్ కాలుతుంది. చాంబర్ 10⁻⁵ మిల్లీబార్ కంటే కిందికి వెళ్ళి, పెట్టెలోంచి గాలి పూర్తిగా బయటికొచ్చేదాకా ట్రాన్స్‌మిటర్ ముట్టుకోవద్దు. అల్యూమినియం పెట్టెకి, ప్రతి షీల్డ్ క్యాన్‌కి గాలి పోయే రంధ్రం ఉందో లేదో ముందే చూడండి. మూసుకుపోయిన క్యాన్ లోపల గంటల తరబడి ఆ ప్రమాదకరమైన ఒత్తిడే ఉండిపోతుంది, చాంబర్ గేజ్ మాత్రం అంతా బాగుందని చూపిస్తుంది. చాంబర్ తెరిచేటప్పుడు బోర్డుని గది ఉష్ణోగ్రత కంటే కాస్త వెచ్చగా తెచ్చి, పొడి నైట్రోజన్‌తో నింపండి. చల్లటి బోర్డు మీదికి గది గాలి వదిలితే నీళ్ళు కమ్ముకుంటాయి.

బోర్డు మీద రక్షణ కోటింగ్ వేస్తున్నారా? ఎడ్జ్-కపుల్డ్ ఫిల్టర్ల మీద వేస్తే ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది, వాటిని మాస్క్ చేయండి, లేదా కోటింగ్‌తోనే ట్యూన్ చేయండి. ఏ పదార్థం వాడినా ఏఎస్‌టీఎం ఈ595 (శూన్యంలో ఆవిరయ్యేది కొలిచే టెస్టు) అంకెలు చూడాలి: 125 డిగ్రీల్లో 24 గంటలకు బరువు తగ్గడం 1 శాతం లోపు, ఘనీభవించేది 0.1 శాతం లోపు. హార్డ్‌వేర్ షాపు ఆర్టీవీ సిలికోన్ జిగురు మాత్రం వద్దు, వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, రాగి తుప్పు పడుతుంది.

కోరమంగళ_కార్బన్

తేమ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్కటి అడుగుతాను: ప్రతి దశలో కొలవాలంటున్నారు, కానీ ప్రతి కొలతకీ ఫ్లైట్ కనెక్టర్ అరుగుతుంది కదా?

బొమ్మసంద్ర_బయాస్

అరుగుతుంది, అందుకే కనెక్టర్ సేవర్. ఫ్లైట్ ఎస్ఎంఏ మీద మొదటిరోజే ఒక చిన్న మేల్-ఫిమేల్ అడాప్టర్ బిగించి, టెస్టులన్నీ దాని మీదే చేయాలి. శ్రీహరికోటకి బయల్దేరేముందు తీసేయాలి. సేవర్ వేసేముందు దాని పిన్ లోతు గేజ్‌తో చూడండి. పిన్ బయటికి ఎక్కువ వచ్చిన ఒక్క చవక సేవర్ అన్ని బోర్డుల ఫిమేల్ కాంటాక్టుల్నీ పాడుచేస్తుంది. స్టెయిన్‌లెస్ నట్‌కి 0.9–1.1 న్యూటన్-మీటర్లు, ఇత్తడి నట్‌కి 0.56. రెంచ్‌తో నట్ తిప్పండి, రెండో రెంచ్‌తో కేబుల్ ఒంటిని కదలకుండా పట్టుకోండి. కేబుల్ తిరిగితే పిన్ కాంటాక్టుని గీకేస్తుంది, ఆ బంగారపు పొడి కనెక్టర్ లోపలే ఉండిపోతుంది. ప్రతి మేటింగ్‌నీ లాగ్ షీట్‌లో రాయండి.

హెబ్బాళ_ఎస్‌బ్యాండ్

సేవర్లు ఆర్డర్ పెట్టాం. స్టాండాఫ్‌కి 0.2 షిమ్ వేసి 1210ని మార్చాక, పీఏ ఆఫ్‌లో 28 వోల్టుల లైన్ మైక్రోఆంపియర్లలోకి వచ్చింది, వేడిచేసినా మారలేదు. అదే స్క్రూ పక్కనున్న మిగతా రెండు 1210లూ పైకి బాగానే కనిపిస్తున్నాయి. వాటినీ మార్చాలా?

అంబత్తూర్_రీఫ్లో

మార్చండి. ఒకే వంపుకి ఒకటి పగిలిందంటే పక్కవి కూడా అదే వంపుని చూశాయి. తీసిన రెండింటినీ రెసిన్‌లో పోసి అడ్డంగా కోయించి చూడండి, మీ షిమ్ సరిపోయిందో లేదో ఆ పగులు పొడవే చెబుతుంది.